మెకాంగ్ నది మీద రంగరాజుగారి చెరువు

వియత్నాం వెళ్ళొచ్చానని చెబితే మా వట్లూరు కాలనీలో నమ్మింది మా పాలబ్బాయి ఒక్కడే. అది కూడా నా మీద గురితో కాదు, అన్నాళ్ళూ పాలు సగమే పొయ్యమన్నాను కాబట్టి. మిగతావాళ్ళంతా "ఓహో, ఈసారి వియత్నామాండీ విజయగారూ!" అని నవ్వి ఊరుకున్నారు. వాళ్ళ తప్పు లేదు. కొల్లేటి దోమ మా ఆయన తువ్వాలు ఎత్తుకుపోయి ఆకివీడులో పారేసిందని ఇదే కాలనీలో ఒకప్పుడు నేనే చెప్పాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఉద్యోగం నాది. మధ్యాహ్నం క్లాసులో పిల్లలు తూలకుండా ఉండాలంటే కప్పకి కూడా కాస్త కథ కట్టాలి. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది.

అందుకని ముందే ఒక ఒప్పందం. ఇందులో దూరాలు, ఎత్తులు, చేపల బరువులు మీకు తోచినంత తగ్గించి చదువుకోండి. మనుషులన్న మాటలు మాత్రం తగ్గించకండి. వాటికి నేనేమీ కలపలేదు. కలపాల్సిన అవసరం వాళ్ళు రానివ్వలేదు.

సత్యవతిగారు అప్పగించిన పని

మా యూనివర్సిటీ ఎమ్మెస్సీ బ్యాచ్ ఏడాదికోసారి కలుస్తుంది. ఏదో ఒక హోటలు హాల్లో ఒకరి పొట్టలు ఒకరు చూసుకుని, పోయిన లెక్చరర్ల గొంతులు అనుకరించి, ఫొటో దిగి విడిపోతాం. ఈసారి గుప్తాగారు అడ్డం తిరిగారు. ఆయనది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. చేపల మీద ఎమ్మెస్సీ చేసి చేప ముట్టని మనిషి. "ఎన్నాళ్ళండీ ఆ పనీరు బిర్యానీ? ఈసారి విమానం ఎక్కుదాం" అన్నారు. భార్యలూ భర్తలూ రాకూడదని షరతు కూడా ఆయనే పెట్టారు. "వాళ్ళు పక్కనుంటే మనం మళ్ళీ పెద్దవాళ్ళమైపోతామండీ."

డజను మంది తేలాం. అందరి పేర్లూ చెప్పి మిమ్మల్ని విసిగించను. గుప్తాగారు కాక ఇంకో ఇద్దరు తెలిస్తే చాలు. ఒకరు మేరీ సుగుణ, ఏలూరులో హెడ్మిస్ట్రెస్, హాస్టల్లో నా గది మనిషి, ఈ ప్రయాణంలోనూ నా గది మనిషే. రెండో ఆయన రంగరాజుగారు.

మేమంతా చేపల గురించి చదువుకుని వేరే పనుల్లో పడ్డాం. రాజుగారొక్కరే చదివిన చదువు మీద బతుకుతున్నారు. కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఆయన చేపల చెరువు. శీలావతి, బొచ్చె చేపలు పెంచుతారు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నులకమంచం, పక్కనే నీళ్ళు తోడే ఇంజను. ఏళ్ళ తరబడి ఆ ఇంజను మోత పక్కన ఉండి చెవులు మందగించాయి. అందుకని ఫోను ఎప్పుడూ స్పీకర్లో పెట్టే మాట్లాడతారు. ఆయన సంసారం మాకందరికీ బహిరంగ సభ.

బయల్దేరే ముందు ఆయన భార్య సత్యవతిగారు మా ఇంటికి వచ్చారు. కాఫీ ఇస్తే కప్పు ముట్టుకోలేదు.

"వదినగారూ, మీరు ఒక సాయం చెయ్యాలండీ. ఏం జరిగినా ఆయన్ని మధ్యలో తిరిగి రానివ్వకండి."

"ఎందుకండీ? ఆరోగ్యమా?"

"ఆరోగ్యం కాదండీ. ఆయన వెళ్ళగానే వలవాళ్ళని దింపి చెరువు పట్టించేద్దామనుకుంటున్నాను."

నేను కాఫీ మర్చిపోయాను. ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చారు. చేప సైజుకొచ్చింది. వర్షాలు వస్తున్నాయి. రెండు పంటలుగా ఇదే వరస. ఇంకో వారం ఆగితే రేటు పెరుగుతుందని ఆయన ఆగడం, ఆ వారంలో ముసురు పట్టడం, నీళ్ళలో గాలి చాలక తెల్లారేసరికి చేపలు తెల్లగా పైకి తేలడం.

"ఆయనతోనే గట్టిగా చెప్పకపోయారా అండీ?"

"చెప్పానండీ. వద్దనరు కదా. 'చూద్దామండీ' అంటారు. ఆ చూద్దాంలోనే రెండు పంటలు పోయాయి. మూడోది పోతే లీజు కట్టలేం, చెరువు వదిలేసుకోవడమే. చెరువు లేకపోతే ఆయన ఏమవుతారో నాకు తెలుసండీ."

అబద్ధాలు చెప్పడానికి ఒక మనిషి నన్ను వెతుక్కుంటూ ఇంటికి రావడం నా జన్మలో అదే మొదలు. ఆ గౌరవానికి పొంగిపోయి ఒప్పుకున్నాను.

సైగాన్

బోర్డుల మీద హోచిమిన్ సిటీ, మనుషుల నోట్లో సైగాన్. ఆ ఊళ్ళో మనుషుల కంటే స్కూటర్లు ఎక్కువ. ఒక్కో స్కూటరు మీద ఒక సంసారం, ఒక కుక్క, ఒక ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపు తీసి వెనక కూర్చున్నావిడ కూల్‌డ్రింకు తాగుతోంది. (ఇక్కడ తగ్గించుకోండి. తలుపు తియ్యలేదు.)

మా గైడు లాన్ అనే సన్నటి అమ్మాయి. రోడ్డు దాటే పద్ధతి చెప్పింది. ఆగకూడదు, పరిగెత్తకూడదు, ఒకే వేగంతో నడిచిపోతే వాళ్ళే తప్పుకుపోతారు. పన్నెండు మందిమీ ఎల్‌కేజీ పిల్లల్లా చేతులు పట్టుకుని దిగాం. సగం దూరం బ్రహ్మాండంగా వెళ్ళాం. అక్కడ గుప్తాగారిలో గోదావరి నీళ్ళు పొంగాయి. ఎదురుగా వస్తున్న ముసలావిడ స్కూటరు చూసి ఆగిపోయి, చెయ్యి చాపి, "మీరు ముందు వెళ్ళండమ్మా" అన్నారు. ఆవిడ ఆగింది. ఆవిడ వెనకవాళ్ళు ఆగారు. మొహమాటం అనే వస్తువు ఆ రోడ్డు మీద మునుపెన్నడూ దిగుమతి కాలేదు. రెండు నిమిషాల్లో నాలుగు దిక్కులా హారన్లు.

"నడవండి, దయచేసి నడవండి!" అని లాన్ ఏడుపు గొంతుతో అరిచింది.

"పెద్దావిడ కదమ్మా" అని గుప్తాగారు అక్కడే సంజాయిషీ మొదలుపెట్టారు. మేరీ ఆయన చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

అవతలి పేవ్‌మెంటు మీద మన వంటింటి పీటలంత ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి కాఫీ అమ్ముతున్నారు. అడుగున చిక్కటి తియ్యటి పాలు, పైన తారు లాంటి కాఫీ, ఐసు. పాతికవేల డాంగులు. కంగారుపడకండి, మన ఎనభై తొంభై రూపాయలు. లక్ష ఇచ్చి మూడు కాఫీలు తీసుకుని చిల్లర పుచ్చుకోవడంలో ఒక జమీందారీ సుఖం ఉంది.

ఆ సుఖం రాజుగారికి లేదు. స్టూలు మీద కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంది. అప్పటికే మూడోసారి ఫోను.

"ఏమండీ, ఆకాశం ఎలా ఉందండీ?"

"మబ్బుగా ఉందండీ" అంది స్పీకర్లోంచి సత్యవతిగారి గొంతు. "మీరు భోంచేశారా?"

"మబ్బంటే ఎలాంటి మబ్బండీ? పల్చగానా, దిట్టంగానా?"

"మబ్బు మబ్బులాగే ఉందండీ. మీరు ఊరు చూడండి."

బంగాళాఖాతంలో వాయుగుండం పడుతోందని అప్పటికే వార్తల్లో చూశాం. ఫోను పెట్టేశాక రాజుగారు సైగాన్ ఆకాశం వైపు కొల్లేరు కనిపిస్తుందేమోనన్నంత గట్టిగా చూశారు. "రేపు ఏదైనా విమానం ఉంటుందాండీ, వెనక్కి?" అని లాన్‌ని అడిగారు. నేను మధ్యలోకి దూకాను. ఈ దేశంలో గ్రూపుగా దిగినవాళ్ళు గ్రూపుగానే వెళ్ళాలనీ, ఒక్కరు తగ్గితే మిగతా పదకొండు మందినీ ఎయిర్‌పోర్టులో కూర్చోబెట్టి ప్రశ్నలేస్తారనీ చెప్పాను. తెలుగులో చెప్పాను కాబట్టి లాన్ చిరునవ్వు నవ్వి తలూపింది. రాజుగారు నమ్మారు. తన కోసం ఇంకొకరు ఇబ్బంది పడతారంటే ఆ మనిషి ఇక కదలరు.

బెన్ చె

బస్సులో మూడు గంటలు కూడా కుదురుగా కూర్చోలేదు ఎవరమూ. ఒకరికి కిటికీ కావాలి, ఒకరికి ఏసీ వద్దు, రాజుగారికి సిగ్నల్ కావాలి. దిగేసరికి చుట్టూ కొబ్బరి తోటలు, పిల్లకాలవలు, కాలవ మీద తాటి దుంగ లాంటి వంతెన.

"ఇదంతా మన కోనసీమే కదండీ!" అన్నారు గుప్తాగారు నిరాశగా. "పాలకొల్లు బస్సెక్కితే వచ్చేదాన్ని, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టించుకుని వచ్చాం."

తేడాలు తర్వాత తెలిశాయి. అక్కడ కొబ్బరితో మెత్తటి బిళ్ళలు చేసి, పల్చటి బియ్యప్పొరలో చుట్టి అమ్ముతారు. ఆ పొరతో సహా తినాలి. మేమంతా దాన్ని కాగితం అనుకుని గోళ్ళతో అరగంట ఒలిచాం. చుట్టూ చేరి చూసినవాళ్ళకి ఆ పూట మేమే వినోదం.

మధ్యాహ్నం భోజనంలో చేప నిలబడి వచ్చింది. ఏనుగు చెవంత వెడల్పాటి చేపని పొలుసుతో సహా కరకర వేయించి, రెండు పుల్లల మధ్య ఈదుతున్నట్టు నిలబెట్టి తెచ్చారు. దాని పక్కన ఆకులు, పల్చటి బియ్యప్పొరలు. చేపని గిల్లుకుని, ఆకుల్లో చుట్టుకుని, ఉప్పులో ఊరిన చేపల నుంచి దించిన పుల్లటి కారపు నీళ్ళలో ముంచుకుని తినాలి. గుప్తాగారికి బౌద్ధుల శాకాహారం వేరే వచ్చింది. ఆయన తన పళ్ళేన్ని మా చేప వైపు నుంచి కాస్త తిప్పి పెట్టుకున్నారు.

వడ్డించినావిడ పళ్ళేలు పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మేరీ చుట్టూ చూసి, "మన దగ్గర ఇలా వదిలేస్తే పెళ్ళి మధ్యలో ఆగిపోతుందే" అంది. అడిగేవాళ్ళు లేకపోతే మనకి ముద్ద దిగదు కదా. చివరికి రాజుగారే లేచారు. గిన్నె పట్టుకుని "ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి" అంటూ బల్ల చుట్టూ తిరిగారు. మా బల్ల అయిపోయింది. ఆయన చేతులకి ఇంకా పని కావాలి. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఎవరో కొరియా దంపతులకి కూడా అన్నం పెట్టేశారు. వాళ్ళు లేచి నిలబడి వంగి దండం పెట్టి మరీ తిన్నారు.

సాయంత్రం సన్నటి పడవల్లో పిల్లకాలవ ప్రయాణం. రెండు వైపులా మట్టలు వంగి నీడ కమ్మేసింది. నోరెత్తబుద్ధి కాని చోటు. రాజుగారు జేబులోంచి ఫోను తీశారు. ఆ పూటే వలవాళ్ళు దిగుతారని సత్యవతిగారు నాకు రహస్యంగా మెసేజీ పెట్టి ఉన్నారు.

"రాజుగారూ! పడవలో ఫోనా!" అని గుండె పట్టుకున్నాను. "ఈ కాలవ తల్లికి ఒడ్డున ఉన్నవాళ్ళతో మాట్లాడితే కోపమండీ. పడవెక్కినవాళ్ళు పడవలో వాళ్ళతోనే మాట్లాడాలి. కావాలంటే లాన్‌ని అడగండి."

లాన్‌కి ఇంగ్లీషులో అదే చెప్పి కళ్ళతో బతిమాలుకున్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, గంభీరంగా తలూపింది. రాజుగారు ఫోను జేబులో పెట్టి, కాలవకి చిన్న దండం కూడా పెట్టారు.

మర్నాడు వేరే పడవలో ఎక్కుతున్న తెల్లవాళ్ళతో లాన్ చెబుతుంటే విన్నాను. పడవలో ఫోన్లు వద్దు, మా నదీమాతకి ఇష్టం ఉండదు అని. వెళ్ళిన దేశం నుంచి వస్తువులు తెచ్చుకునేవాళ్ళు చాలామంది. నేను ఒక ఆచారం ఇచ్చి వచ్చాను.

కాన్ థో

తెల్లారకముందే లేపి నదిలో సంత చూపిస్తామన్నారు. వందల పడవలు. ఏ పడవలో ఏం అమ్ముతారో అది వెదురు గడకి వేలాడుతుంది. అనాసపండు వేలాడితే అనాసలు, గుమ్మడికాయ వేలాడితే గుమ్మడికాయలు. కొబ్బరాకు కట్టి ఉంటే పడవనే అమ్మేస్తున్నట్టట. ఇల్లూ వాకిలీ పడవే అయినవాళ్ళు ఆ ఆకు కట్టేటప్పుడు ఏమనుకుంటారో అని మేరీ అంటూ ఉండగానే గుప్తాగారు మా పడవలోంచి మాయమయ్యారు. చూస్తే ఉల్లిపాయలు వేలాడుతున్న పడవ మీద ఉన్నారు. ఒక పాయ పొట్టు తీసి, నలిపి, వాసన చూసి, "తేమ ఉందండీ, నిలవ ఆగదు" అని తెలుగులో హెచ్చరిస్తున్నారు. పడవ యజమానురాలు తన భాషలో గట్టిగా జవాబిస్తోంది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. రేటు మాత్రం తెగింది. మేం రెండు కిలోల ఉల్లిపాయలకి యజమానులమయ్యాం.

అప్పుడే రాజుగారి ఫోను మోగింది.

"చెయ్యకూడదన్నారు కానీ, వస్తే ఎత్తొచ్చు కదండీ" అని నా వైపు చూసి స్పీకరు నొక్కారు. ఈ లొసుగు నేను ఆలోచించలేదు.

"ఏమండీ, మందులపెట్టె తాళం ఎక్కడ పెట్టారండీ?" అంది సత్యవతిగారి గొంతు. దాని వెనకాల గరగరమని పెద్ద మోత. మీరు కొల్లేటి వైపు పెరిగినవాళ్ళయితే ఆ మోతకి అర్థం చెప్పక్కర్లేదు. ఐసు దిమ్మలు నలగ్గొట్టే మిషను. గట్టు మీద ఆ మిషను తిరుగుతోందంటే చేపలు ట్రేల్లోకి, ట్రేలు లారీలోకి ఎక్కుతున్నాయని.

"ఆ మోతేంటండీ?" అన్నారు రాజుగారు.

"ఇక్కడిదేనండీ ఆ మోత!" అని నేను అరిచాను. "అదిగో, కాఫీ పడవ! ఐసు దంచుతోంది!"

కాఫీ పడవావిడ ఆ సమయంలో నూడుల్స్ ఉడకబెడుతోంది. అబద్ధానికి ఆధారం కావాలి కదా. "పన్నెండు ఐసు కాఫీలు!" అని కేకేశాను. ఆవిడ సంబరంగా గుడ్డసంచిలో ఐసు వేసి కర్రతో బాదడం మొదలుపెట్టింది. పొద్దున్నే చలిగాలిలో పన్నెండు మందిమీ వణుకుతూ ఐసు కాఫీ తాగాం. గుప్తాగారికి ఇప్పటికీ ఎందుకు తాగారో తెలియదు.

రాజుగారు గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలిన ఐసుని తిప్పి తిప్పి చూశారు.

"దంచే మోత వేరండీ, మిషను మోత వేరు" అన్నారు. "నేను విన్నది మిషనండీ."

"పక్క చెరువువాళ్ళు పట్టిస్తున్నారేమోనండీ."

ఇంత తేలికైన మాట ఉండగా కాఫీ డబ్బులు ఎందుకు తగలేశానో!

"అయ్యుండొచ్చు" అన్నారాయన. ముఖం కాస్త విప్పారింది. "వాళ్ళకి తొందరెక్కువ. ఇంకో వారం ఆగితే రేటొస్తుందండీ, నాకు తెలుసు. ఈసారి వస్తుంది."

ఆ 'ఈసారి' విన్నాక నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. ఆ రోజు మమ్మల్ని ఒక గుడికీ, ఒక తోటకీ తిప్పారు. ఏం చూశానో చెప్పలేను. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. బస్సులో మేరీ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఒసేయ్, ఆయనకి తెలిసిన రోజున నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటావే?"

"తెలిసేసరికి చేపలు అమ్ముడైపోతాయి. వాన కురుస్తుంది. మా ఆవిడ ఎంత తెలివైందో అని మురిసిపోతాడు."

"వాన కురవకపోతే?"

మేరీ స్కూల్లో పిల్లలు ఆవిడంటే ఎందుకు భయపడతారో అప్పుడు అర్థమైంది.

చౌ డాక్

కంబోడియా సరిహద్దు దగ్గర ఊరు. మేం వెళ్ళిన కాలంలో నది పొంగి పొలాల మీదికి వస్తుంది. దాన్ని వాళ్ళు తిట్టుకోరు, చుట్టం వచ్చినట్టు చూసుకుంటారు. ఆ నీళ్ళతో వచ్చే చిన్న చేపలు, ఆ నీళ్ళలో పూసే పసుపుపచ్చటి పూలు కలిపి పులుసు కాస్తారు. పూలు చూడగానే అందరం గుర్తుపట్టాం. మన జీలుగకి దగ్గర చుట్టం. మన రైతులు జీలుగ పెంచి పొలంలోనే కలియదున్నేస్తారు. వీళ్ళు గుప్పిళ్ళతో కుండలో వేసుకుంటున్నారు. కొంచెం చేదు, కొంచెం కరకర. "ఇన్నాళ్ళూ కూరని దున్నేశామండీ" అని గుప్తాగారు బాధపడ్డారు, తన వాటా పూలు ఉత్తినే ఉడికించి ఇమ్మని అడిగి.

అక్కడ నది మీద ఇళ్ళు తేలుతుంటాయి. ఒక ఇంట్లోకి తీసుకెళ్ళారు. పంగాసియస్ అనే పొలుసు లేని చేపలు పెంచేవాళ్ళ ఇల్లు. ముందు గదిలో టీవీ, పెద్దల పటాలకి అగరుబత్తులు, ఊయల. ఇంటావిడ, మా వయసు మనిషే, చేదు టీ పోసి, గది మధ్యలో చాప తీసి, నేలకున్న చెక్క తలుపు ఎత్తింది. కింద నది. వలతో కట్టిన బోనులో వేల చేపలు. పిడికెడు మేత వేస్తే నీళ్ళు ఉడుకుతున్నట్టు లేచాయి. అందరి బట్టలూ తడిశాయి.

రాజుగారు ఆ తలుపు పక్కన బోర్లా పడుకుండిపోయారు. సైగాన్‌లో దిగినప్పటి నుంచి ఆడుతున్న కాలు ఆగింది.

"ఇంట్లోనే చెరువండీ!" అన్నారు తలెత్తి, చిన్నపిల్లాడిలా. "మంచం మీద నుంచి చెయ్యి చాపితే చేప! సత్యవతిగారికి చూపించాలండీ ఇది."

నేను ఏదో అనేలోపే వీడియో కాల్ కలిసింది. ఎత్తింది సత్యవతిగారు కాదు. ఎవరో ప్యాకింగ్ మనిషి. "అమ్మగారు లారీ దగ్గరున్నారండీ, పిలుస్తాను" అని ఫోను పట్టుకుని పరిగెత్తాడు. వాడు పరిగెత్తుతుంటే తెరమీద గట్టు ఊగింది, రేకుల షెడ్డు ఊగింది, తర్వాత చెరువు. నీళ్ళు లేవు. బురద. బురదంతా కొంగలు.

అటు తెరలో ఖాళీ చెరువు, ఇటు ఆయన మోచేతి కింద చేపలు ఎగురుతూనే ఉన్నాయి.

సత్యవతిగారి ముఖం వచ్చింది. ఆవిడకి కూడా తప్పించుకునే దారి లేదు.

"పట్టించేశానండీ" అన్నారు.

రాజుగారు ఫోను ఆపేశారు. లేచి కూర్చుని, తడిసిన చొక్కా చేతులు దించుకుని, నా వైపు చూశారు.

"మీకు తెలుసాండీ?"

ప్రపంచంలో ఏ ప్రశ్నకైనా నా దగ్గర నాలుగు జవాబులుంటాయి. ఆ పూట ఒక్కటే దొరికింది. "తెలుసండీ."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఇంటి చివర వరండాలోకి వెళ్ళి, అటూ ఇటూ, అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. తేలే ఇల్లు కదా, ఆయన ఒక్కో చివరకి వెళ్ళినప్పుడల్లా ఇల్లు కొంచెం ఊగేది. టీ కప్పులు జరుగుతున్నాయి. ఇంటావిడ లాన్‌ని ఏమైందని అడిగింది. ఆయన చేపల్ని ఆయన లేకుండా అమ్మేశారని లాన్ చెప్పింది. మీరెప్పుడు అమ్ముతారమ్మా అని నేను ఆశగా అడిగించాను. నా మొగుడు ఊళ్ళో లేనప్పుడు అని ఆవిడ అని ఉంటే ఈ రచన ఎంత అందంగా ఉండేదో. "కొనేవాళ్ళ పడవ వచ్చినప్పుడు" అంది, అంతే.

ఇంతలో గుప్తాగారు ఫోను చూసుకుంటూ ఉత్సాహంగా లోపలికి వచ్చారు. ఆయన బయట ఫొటోలు తీసుకుంటున్నారు, జరిగిందేమీ తెలియదు.

"రాజుగారూ, శుభవార్తండీ! వాయుగుండం ఒరిస్సా వైపు తిరిగిపోయింది. మన వైపు చినుకు లేదు. పైగా చేప రేటు లేచిందట! మీరన్నట్టే అయింది, మీరింకా ఆగాల్సిందే!"

కింద చేపలు మేత కోసం తలుపు చట్రానికి కొట్టుకుంటున్నాయి.

నిజం చెప్పాలంటే నేను ఆ క్షణంలో నా గురించి ఆలోచించలేదు. వట్లూరులో మా సోఫా అంచున కూర్చుని కాఫీ ముట్టుకోని మనిషి గురించి ఆలోచించాను. ఆవిడ చెరువు నిలబెట్టాలనుకుంది. ఇప్పుడు పంట దక్కింది, లీజుకి సరిపోతుంది, కానీ ఈ మాట తర్వాత జీవితమంతా వాళ్ళిద్దరి మధ్యా ఉంటుంది. మీరు ఆగి ఉంటే. ఒక్క వారం ఆగి ఉంటే. ఆయన తిట్టే మనిషి కాదు. ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనరు. అదే భయం.

మేరీ లేచి వరండాలోకి వెళ్ళింది. ఆవిడ ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"ఇందాకటి నుంచి నాకు నాలుగుసార్లు చేశారండీ ఆవిడ. మీరు ఎత్తడం లేదని. ఈ ఫొటో పంపారు."

నేనూ వెనకనుంచి చూశాను. తెల్లవారుజామున తీసిన ఫొటో. సత్యవతిగారు గట్టు మీద నిలబడి ఉన్నారు. చీర మోకాళ్ళదాకా తడిసింది. రెండు చేతులతో బొచ్చె చేపని పసిపిల్లలా ఎత్తి పట్టుకున్నారు. చేప తల ఒక్కటే ఆవిడ తల అంత ఉంది. (ఇది తగ్గించకండి.)

రాజుగారు రెండు వేళ్ళతో చేపని పెద్దది చేసి చూశారు. సైజు అంచనా వేస్తున్నారని తెలుస్తూనే ఉంది. తర్వాత ఫొటోని మెల్లగా కిందికి జరిపారు. ఆవిడ పాదాలు వచ్చాయి. అక్కడే ఆగారు.

"చెప్పుల్లేకుండా దిగారండీ" అన్నారు. "ఆ మూల నత్తగుల్లలుంటాయి. కోసుకుపోతాయి."

తర్వాత, "వలవాళ్ళని ఎవరు మాట్లాడారంట? ఆవిడొక్కరేనా?" అన్నారు.

"ఒక్కరేనండీ" అంది మేరీ.

ఆయన మళ్ళీ నడవలేదు. తన ఫోను తీసి కలిపారు. అలవాటుగా స్పీకరు.

"ఏమండీ."

"చెప్పండి" అన్నారావిడ. మరుక్షణమే గబగబా, "వాన పడలేదండీ. రేటు కూడా పెరిగిందండీ. మీరే కనక ఉండి ఉంటే..."

"ఇక్కడ పడిపోయిందండీ" అన్నారు రాజుగారు.

"ఏంటండీ?"

"రేటండీ. వియత్నాంలో చేప రేటు ఘోరంగా పడిపోయింది. ఇక్కడ ఎవరిని చూసినా ఏడుస్తున్నారు." ఇంటావిడ ఆయన వైపు చూసి నవ్వి, టీ కావాలా అని కప్పు చూపించింది. ఆయన వద్దని చెయ్యి ఊపి, గొంతు సవరించుకున్నారు. "ఇక్కడ పడితే వారం తిరక్కుండా మనకీ పడుతుందండీ. పెద్దాయనొకాయన చెప్పాడు. ఇవాళ లేచింది చూసి మోసపోకూడదు. మీరు సరిగ్గా సమయానికి తీయించారు."

గుప్తాగారు నోరు తెరిచారు. మేరీ ఆయన కాలు తొక్కింది. మీకు తెలియకపోతే చెబుతాను. మన శీలావతీ బొచ్చె పోయేది బెంగాలుకీ అస్సాముకీ. ఈ నదిలో చేపకీ ఆ రేటుకీ ఏ చుట్టరికమూ లేదు. కైకలూరు గట్టు మీద కొంగనడిగినా చెబుతుంది. సత్యవతిగారు ఆ గట్టు మీదే కాపురం చేస్తున్న మనిషి.



"అలాగాండీ" అన్నారావిడ. "అయితే నయమేనండీ."

"నయమేనండీ. చెరువు బాగా ఎండనివ్వండి. నేను తొందరపడి రాను. ఈ ఊళ్ళేవో చూసి వస్తాను. మీరు ఆ మూలకి మాత్రం చెప్పులేసుకుని వెళ్ళండి."

సాయంత్రం హోటలు మెట్ల దగ్గర నా ఫోను మోగింది. సత్యవతిగారు.

"వదినగారూ, ఒక్క మాట. వియత్నాం రేటు సంగతి మీరు నేర్పారాండీ?"

"ఎంతమాటండీ! నేను నేర్పితే అంత చిరుగుల గోతంలా ఉంటుందా?"

అవతల నవ్వు వినిపించింది. నవ్వు మధ్యలో ఎక్కడో తెగింది.

"అదేనండీ నేనూ అనుకున్నాను" అన్నారు. "నేను నమ్మానని చెప్పండి ఆయనకి."

రాజుగారు నది ఒడ్డున సిమెంటు గోడ మీద కూర్చుని ఉన్నారు. నాతో మాట్లాడతారో లేదో తెలియక కాస్త దూరంగానే కూర్చున్నాను.

"సత్యవతిగారు ఫోన్ చేశారండీ. ఆ రేటు సంగతి విని మనసు కుదుటపడిందన్నారు. పూర్తిగా నమ్మారండీ."

ఆయన నా వైపు తిరిగారు. చెవుల దాకా ఎర్రబడ్డారు.

"నమ్మారంటారా?" అన్నారు. "సరిగ్గా అతకలేదేమో అనుకున్నానండీ. మొదటిసారి కదా."